ఆర్టీమియా టిన్ను మీదున్న ఆ సరస్సు సంగతేంటి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో రొయ్యల హ్యాచరీల మీద వేసిన వ్యాసంలో రొయ్య పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా మాట ఒక్క లైన్లో వచ్చి పోయింది, ఆ లైను పట్టుకుని వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలే ఈ నెల ఎక్కువ. అందుకని ఈసారి కాలమ్ మొత్తం అమెరికాలో యూటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్‌కే ఇచ్చేశాం. మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి, ఏదీ పారేయలేదు.

ప్రశ్న: మాది చీరాల దగ్గర హ్యాచరీ. మేం వాడే ఆర్టీమియా టిన్నుల మీద గ్రేట్ సాల్ట్ లేక్, యూటా అని ఉంటుంది. మా ఓనర్ గారు ఒక్కో ఏడాది "అక్కడ పట్టుబడి తగ్గిందంట, ఇక రేటు పెరుగుద్ది" అంటుంటారు. అసలు అక్కడ దీన్ని మనలాగా చెరువుల్లో పెంచుతారా? (హ్యాచరీ టెక్నీషియన్, బాపట్ల జిల్లా)

జవాబు: పెంచరండీ, ఉన్నదాన్ని పట్టుకుంటారు అంతే. సరస్సులో దానంతటదే పుట్టి పెరిగే జీవి అది, పెద్దదైనా సెంటీమీటరు దాటడం కష్టం, ఉప్పునీటి రొయ్య అని పిలుస్తారు గానీ మీ వనామీకి దగ్గర చుట్టమేం కాదు. ఎండలు కాసి నీళ్ళలో నాచు దండిగా ఉన్నన్నాళ్ళూ ఆడవి నేరుగా పిల్లల్నే వదులుతాయి, తిండి తగ్గి చలి మొదలయ్యేసరికి రూటు మార్చి గట్టి పెంకున్న గుడ్లు పెడతాయి, మీరు సిస్టులు అనేది వాటినే. చలికాలంలో పెద్దవన్నీ చచ్చిపోతాయి, సిస్టులు మాత్రం గడ్డకట్టే చలిని కూడా తట్టుకుని కూర్చుని వసంతంలో నీళ్ళు వేడెక్కగానే పొదుగుతాయి. ఎండబెట్టి సరిగ్గా దాచితే ఏళ్ళ తరబడి అలాగే పడుండగలవు కాబట్టే యూటాలో పట్టింది ఓడెక్కి మీ దాకా వచ్చి, మీ కోనికల్ ట్యాంకులో ఉప్పునీళ్ళు, ఎయిరేషను, లైటు, 28-30 డిగ్రీల వేడి తగలగానే ఒక్కరోజులో లేచి ఈదుతోంది. ఆ తర్వాత మైసిస్ అనే లార్వా దశ నుంచి పీఎల్ (పోస్ట్ లార్వా) దాకా దాంతో మీరు పడే పాట్లు నేను చెప్పక్కర్లేదు.

అక్కడి పట్టుబడి మాత్రం చూడాల్సిందే. సీజను అక్టోబర్ 1న మొదలై జనవరి 31తో అయిపోతుంది. సిస్టులు తేలిక కాబట్టి గాలికి ఒకచోటికి కొట్టుకొచ్చి నీళ్ళ మీద ఎర్రమట్టి రంగులో పొడుగాటి చారలు కడతాయి, ముందు చిన్న విమానాల్లో తిరిగి ఆ చారలు ఎక్కడున్నాయో కనిపెడతారు, కబురందగానే పడవలు పరిగెత్తుతాయి, సముద్రంలో ఆయిల్ ఒలికితే చుట్టూ వేస్తారే తేలే బూమ్, సరిగ్గా అదే చార చుట్టూ వేసి దగ్గరికి లాగి పంపుతో తోడి సంచులకెత్తుతారు. ఒకప్పుడు ఒకే చార మీదకి రెండు మూడు కంపెనీల పడవలు పోటీపడి పోయేవి, 2006లో కోఆపరేటివ్ పెట్టుకున్నాక ఆ గోల తగ్గింది. సంచుల్లోది అలాగే టిన్నులోకి పోదు, చెత్తా ఖాళీ పెంకులూ పోయేదాకా కడిగి ఆరబెట్టాక గానీ టిన్ను కట్టరు.

ఇక ఓనర్ గారి మాట నిజమే. యూటా వన్యప్రాణి శాఖ వాళ్ళు సీజను పొడుగునా నీళ్ళ శాంపిళ్ళు తీసి లెక్కపెడుతుంటారు, లీటరు నీళ్ళలో సిస్టులు 21కి పడిపోయాయంటే పట్టుబడి ఆపేయమంటారు, ఆ మిగిలినవి వచ్చే ఏటికి విత్తనం అన్నమాట. నన్నడిగితే ఈ సరస్సు కథ మొత్తంలో ఇంత సింపుల్‌గా ఉండి ఇంత బాగా పనిచేసిన రూలు ఇంకోటి లేదు. ప్రపంచంలో వాడే సిస్టుల్లో దాదాపు 40 శాతం ఈ ఒక్క సరస్సువే, మిగతావి చైనా, సైబీరియా, కజకిస్తాన్ లాంటి చోట్ల నుంచి వస్తాయి. కాబట్టి అక్కడ ఒక సీజను దెబ్బతింటే ఆ వేడి ఉప్పాడ దాకా, నెల్లూరు దాకా తగులుతుంది. గ్రాముకి రెండు లక్షలకి పైనే ఉండే గుడ్లు, మీ 425 గ్రాముల టిన్ను ఒక్కదాంట్లో దగ్గర దగ్గర పది కోట్లుంటాయి, ఈసారి మూత తీసేటప్పుడు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ప్రశ్న: సార్, నీళ్ళు తగ్గితే ఉప్పు చిక్కబడుతుంది. ఉప్పునీటి రొయ్యకి ఉప్పు ఎక్కువైతే ఇంకా మంచిదే కదా? మరి సరస్సు ఎండిపోతోందని ఎందుకంత గోల? (ఆక్వా కోర్సు విద్యార్థి, భీమవరం)

జవాబు: మంచి ప్రశ్న, ఎగ్జామ్‌లో కూడా ఇదే అడగాలి. ఈ సరస్సుకి వచ్చే దారులున్నాయి గానీ పోయే దారి లేదు. బేర్, వీబర్, జోర్డాన్ అని మూడు నదులు వచ్చి కలుస్తాయి, నీళ్ళు బయటికి పోవాలంటే ఆవిరై పోవడమే, నదులు తెచ్చిన ఉప్పు మాత్రం అక్కడే పోగుపడుతుంది. వేల ఏళ్ళ కింద బోనవిల్ అనే మహా సరస్సు ఉండేది, అది ఎండగా ఎండగా మిగిలిన మడుగు ఇది. ఇప్పుడు దీంట్లో కరిగున్న ఉప్పు దాదాపు 450 కోట్ల టన్నులు. ఉప్పు మొత్తం పెద్దగా మారదు, నీళ్ళు మాత్రం ఏటికేడు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, అందుకే ఇక్కడ చూడాల్సిన నంబర్ ఉప్పు శాతం.

సముద్రంలో మూడున్నర శాతం. ఈ సరస్సు దక్షిణ భాగంలో 12 నుంచి 16 శాతం మధ్య ఉంటే ఆర్టీమియా హాయిగా ఉంటుంది. అంతకంటే బాగా తగ్గితే ఏమవుద్దో 1980ల్లో చూశారు, వరసగా వానలూ మంచూ విపరీతంగా పడి సరస్సు ఉప్పొంగి దక్షిణ భాగంలో ఉప్పు ఆరు శాతం దరిదాపులకి పడిపోయింది, అప్పటిదాకా ఉప్పుకి భయపడి రాని నీటి పురుగులు లోపలికొచ్చి ఆర్టీమియాని తినేశాయి. అంటే ఆర్టీమియాకి ఉప్పే కోటగోడ, వేరే రక్షణ దానికి లేదు, నెమ్మదిగా ఈదుతుంది, దాక్కోడం రాదు. సరే పెరిగితే? 2022 చివర్లో నీళ్ళు రికార్డు స్థాయిలో తగ్గి ఉప్పు 19 శాతం దాకా పోయింది. అప్పుడు కోట బాగానే ఉంది గానీ లోపలున్నవాళ్ళకే ఊపిరాడలేదు, ఒంట్లోకి చొరబడే ఉప్పుని బయటికి నెట్టడానికే శక్తంతా ఖర్చయిపోతే ఇక పెరిగేదెప్పుడు, గుడ్లు పెట్టేదెప్పుడు? దాని తిండి అయిన నాచు కూడా అంత ఉప్పులో సరిగ్గా పెరగదు.

ఇంకో సంగతి, సరస్సు అడుగున మైక్రోబియలైట్లు అని బండల్లాంటి దిబ్బలుంటాయి, బండలంటే ఉత్త బండలు కాదు, పైన సూక్ష్మజీవుల పొర జిగురుగా పట్టి ఉంటుంది. ఉప్పు ఈగల లార్వాలు బతికేది ఆ పొర మేసే. నీళ్ళు దిగిపోయి ఆ దిబ్బలు గాలికి బయటపడితే పొర ఎండి తెల్లబోయి చచ్చిపోతుంది, మళ్ళీ నీళ్ళొచ్చినా వెంటనే కోలుకోదు. ఆర్టీమియా, ఈగ, ఈ రెండే ఆ సరస్సు వంటకాలు, చేపలు అసలుండవు, నదులు కలిసే చోట తప్ప. రెండూ పోతే పక్షులకి అక్కడ పనే లేదు.

అన్నట్టు సరస్సు ఫోటోల్లో సగం నీలంగా, సగం గులాబీ రంగులో ఎందుకుంటుందని ఇంకొకరు అడిగారు, ఇక్కడే చెప్పేస్తా. సరస్సుని అడ్డంగా కోస్తూ రైలు కట్ట ఒకటుంది, 1904లో కర్ర వంతెనగా కట్టిన దాని పక్కనే 1959లో రాళ్ళు పోసి గట్టి కట్ట వేశారు. నదులన్నీ కట్టకి దక్షిణం వైపునే కలుస్తాయి కాబట్టి ఉత్తరం వైపుకి మంచినీళ్ళు చేరవు, అక్కడ ఉప్పు ఇంక కరగలేనంతగా, పాతిక శాతం దాటి చేరిపోయింది, అంత ఉప్పులో బతికేవి గులాబీ రంగు సూక్ష్మజీవులే. 2016లో కట్టకి కొత్త గండి పెట్టి వంతెన కట్టారు. 2022లో దక్షిణం వైపు ఉప్పు మితిమీరుతుంటే గండి అడుగున ఉన్న రాళ్ళ అడ్డుకట్ట ఎత్తు పెంచేశారు, ఉత్తరం వైపు ఉప్పు ఇటు రాకుండా, మంచినీళ్ళు అటు పోకుండా. ఉత్తర భాగాన్ని ఎండబెట్టి దక్షిణాన్ని బతికించినట్టే, దారుణంగానే ఉంటుంది వినడానికి, కానీ ఆ టైములో ఇంకో మార్గం లేదనే నా అభిప్రాయం.

ప్రశ్న: ఇక్కడ మేం ఒక్క తడికి నీళ్ళు లేక అల్లాడుతుంటే అమెరికావాళ్ళు మంచినీళ్ళు తీసుకెళ్ళి ఉప్పు సరస్సులో పోస్తామంటున్నారట. తాగడానికి పనికిరాదు, పంటకి పనికిరాదు. అంతకంటే దండగ ఇంకోటుంటుందా? (రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: కోపం అర్థమైంది. మన దగ్గర వరదొచ్చిన ప్రతిసారీ ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు అని పేపర్లో హెడ్డింగ్ పడుద్ది కదా, యూటా రైతులు కూడా వందేళ్ళకి పైగా అచ్చం అదే మాట అన్నారు, సరస్సులోకి పోయిన ప్రతి చుక్కా వృథా అని. దాని ఫలితమే ఇప్పుడు చూస్తున్నాం.

అక్కడి నీటి చట్టం మన కాలవల కింద వంతుల లెక్క కాదు. ముందు ఎవరు వాడటం మొదలుపెట్టారో వాళ్ళకి ముందు హక్కు, వాడకుండా వదిలేస్తే ఆ హక్కు పోయినట్టే. దాంతో అవసరం ఉన్నా లేకపోయినా రైతు నీళ్ళు తోడి పొలానికి పెట్టాల్సిందే, పొదుపు చేసినవాడికి శిక్ష. మనుషులు వాడే నీళ్ళలో మూడింట రెండొంతులకి పైగా వ్యవసాయానిదే, అందులో పెద్ద భాగం అల్ఫాల్ఫా, ఎండుగడ్డి, అంటే పశువుల మేత. సరస్సుకి మాత్రం మొన్నమొన్నటి దాకా హక్కుగా ఒక్క చుక్క రాసి లేదు, అందరూ తోడుకున్నాక మిగిలిందే దానికి. 2017లో శాస్త్రవేత్తలు లెక్క కట్టి చెప్పారు, ఇన్నాళ్ళూ మనుషులు నదుల్లోంచి మళ్ళించకపోయుంటే సరస్సు మట్టం 11 అడుగులు ఎక్కువుండేదని. పదకొండు అడుగులేనా అంటారేమో, మామూలు మట్టంలో ఉన్నప్పుడు ఆ సరస్సు లోతు ఎంత ఎక్కువున్నా 33 అడుగులే, పళ్ళెంలా చదునుగా ఉంటుంది కాబట్టి అడుగు దిగితే ఒడ్డు మైళ్ళ కొద్దీ వెనక్కి పోద్ది. మామూలుగా 1,700 చదరపు మైళ్ళుండే సరస్సు 2022 నవంబర్‌లో సముద్రమట్టానికి 4,188.5 అడుగుల ఎత్తుకి దిగినప్పుడు 900 చదరపు మైళ్ళ లోపుకి వచ్చేసింది.

కరువు కూడా ఉంది, ఎండలూ పెరిగాయి, కాదనను. కానీ తప్పంతా ఆకాశం మీదకి నెట్టేసి మనిషి చేతులు కడుక్కోడం కుదరదు. 1987లో ఇదే సరస్సు పొంగి హైవేనీ రైలు పట్టాల్నీ ముంచుతుంటే నీళ్ళు ఎడారిలోకి తోడిపోయడానికి 6 కోట్ల డాలర్లు పెట్టి పెద్ద పంపులు బిగించారు, రెండేళ్ళు నడిపి 1989లో ఆపేశారు. నీళ్ళు ఎక్కువైతే నెలల్లో డబ్బులొచ్చాయి, తక్కువైతే సరస్సుని పట్టించుకోడానికి పాతికేళ్ళకి పైగా పట్టింది, అదీ రాజకీయం.

ఇప్పుడు చట్టం కొంచెం మారింది. 2022లో తెచ్చిన మార్పుతో రైతు తన వంతు నీళ్ళని సరస్సుకి లీజుకి ఇవ్వొచ్చు, డబ్బులు తీసుకోవచ్చు, హక్కు ఎక్కడికీ పోదు. దానికోసం 4 కోట్ల డాలర్లతో ఒక ట్రస్టు పెట్టారు, 2023లో సరస్సు కోసమే ఒక కమిషనర్‌ని వేశారు, అదే ఏడాది మోర్మన్ చర్చి తనకున్న నీటి వాటాల్లో దాదాపు 20,000 ఎకరా అడుగులు శాశ్వతంగా సరస్సుకి రాసిచ్చింది. ఎకరా అడుగంటే ఎకరం నేల మీద అడుగు లోతు నీళ్ళు, మీకు చెప్పక్కర్లేదు. మంచి పనే గానీ లోటు దీనికి ఎన్నో రెట్లుంది. మీరు నా మీద కోప్పడినా సరే ఒక మాట, రైతు మెడ మీద కత్తి పెట్టి నీళ్ళు లాక్కుంటే సరస్సు బతకదు, పొలం ఒక పంట బీడు పెట్టినందుకు పంటంత డబ్బు చేతికిస్తేనే బతుకుద్ది. యూటాలో ఆ లెక్క ఇంకా తేలలేదు.

ప్రశ్న: పసిఫిక్ సముద్రం నుంచి పైపులైన్ వేస్తే సరిపోదా? (హైదరాబాద్)

జవాబు: అక్కడి నాయకులు కూడా ఈ మాట సీరియస్‌గానే అన్నారు. సరస్సు సముద్రమట్టానికి దాదాపు 4,200 అడుగుల ఎత్తులో ఉంది, మధ్యలో కొండలు, ఎడారి, తోడటానికి అయ్యే కరెంటు బిల్లు చూస్తే కాళేశ్వరం లెక్కలు చిన్నవనిపిస్తాయి. అదటుంచితే బయటికి దారి లేని సరస్సులో ఉప్పునీళ్ళు పోస్తే నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు ఉండిపోద్ది. వదిలేయండి.

ప్రశ్న: మేం లీహై దగ్గర ఉంటాం, మా ఆయన ఇక్కడ సాఫ్ట్‌వేర్. గాలి దుమారం వచ్చిన రోజు ఆకాశం బూడిద రంగుకి మారిపోతుంది. సరస్సు దుమ్ములో ఆర్సెనిక్ ఉందని అందరూ భయపెడుతున్నారు. చిన్న పిల్లలున్నారు, ఇల్లు మారిపోవాలా? (యూటా)

జవాబు: ఇల్లు మారేంత పని ఇప్పటికి లేదమ్మా, అలాగని ఉత్త పుకారూ కాదు. ఎండిన అడుగు మట్టిలో ఆర్సెనిక్‌తో పాటు ఇంకొన్ని లోహాలున్న మాట నిజం, కొంత సహజంగా వచ్చింది, కొంత గనుల నుంచి, ఊళ్ళ నుంచి వందేళ్ళుగా కొట్టుకొచ్చి చేరింది. యూటా యూనివర్సిటీలో కెవిన్ పెర్రీ అనే వాతావరణ శాస్త్రవేత్త లావు టైర్ల సైకిలేసుకుని ఎండిపోయిన అడుగు భాగమంతా తిరుగుతూ ఎక్కడికక్కడ మట్టి తీసి పరీక్షించాడు, కారు వెళ్తే నేల పొర పగిలిపోద్దని సైకిల్ అన్నమాట. ఆయన తేల్చిందేంటంటే ఎండిన నేలలో ఎక్కువ భాగం మీద గట్టి ఉప్పు పొర కట్టి ఉంది, అది పగలనంత వరకు దుమ్ము లేవదు, ప్రస్తుతానికి రేగేది కొన్ని చోట్లే. సమస్యేంటంటే ఆ పొర శాశ్వతం కాదు, గాలికి అరుగుద్ది, ఏటీవీలూ బైకులూ ఎక్కించి జనమే పగలగొడతారు, సరస్సు ఇంకా దిగితే కొత్త నేల బయటపడుద్ది. దాని పక్కనే పాతిక లక్షల మందికి పైగా ఉంటున్నారు.

ఇది ముదిరితే ఏమవుద్దో కాలిఫోర్నియాలో ఓవెన్స్ లేక్ చూపించింది. లాస్ ఏంజెలెస్ నగరం 1913లో కాలవ తవ్వి ఆ నది నీళ్ళు పట్టుకుపోయింది, సరస్సు ఎండింది, ఆ దుమ్ముని అణచడానికి అదే నగరం ఇప్పటికి 200 కోట్ల డాలర్లకి పైగా పోసింది, ఇంకా పోస్తూనే ఉంది. మీరు చేయాల్సింది మాత్రం మామూలు సంగతులే, దుమారం రోజున ఫోన్లో ఎయిర్ క్వాలిటీ చూసుకుని పిల్లల్ని లోపలే ఉంచండి, కిటికీలు మూసేయండి, ఫిల్టర్లు టైముకి మార్చండి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే డాక్టర్‌తో ఒకసారి మాట్లాడి పెట్టుకోండి. ఇంకో సలహా, అక్కడ ఇంటి ముందు లాన్‌కి కొట్టే నీళ్ళు కూడా ఆ సరస్సుకి చేరాల్సినవే, ఆ లాను తగ్గించుకున్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చే స్కీములున్నాయి, మీ ఊళ్ళో ఉందేమో కనుక్కోండి.

ప్రశ్న: మాది చినగంజాం. మాకు ఉప్పు కొఠార్లున్నాయి. అంత ఉప్పుంది కదా, అక్కడ ఉప్పు పండించేవాళ్ళకి బాగా గిట్టుబాటు అవుతుందా?

జవాబు: అవుతుంది, కానీ తినే ఉప్పు మీద కాదు. మడులు కట్టి నీళ్ళు పెట్టి ఎండకి ఆరబెట్టడం మీలాగే, కాకపోతే ఒక్కో మడి ఊరంత. మొదట దిగే మామూలు ఉప్పు ఎక్కువగా రోడ్ల మీద మంచు కరిగించడానికి, వాటర్ సాఫ్ట్‌నర్లకి, ఫ్యాక్టరీలకి పోతుంది. మీ దగ్గర ఉప్పు తీసేశాక మిగిలే చేదునీళ్ళు బయటికి వదిలేస్తారు కదా, అక్కడ అసలు లాభం దాంట్లోనే, ఇంకా ఎండబెట్టి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తీస్తారు, క్లోరైడు పడని పండ్ల తోటలకి ఆ ఎరువంటే గిరాకీ. ఆ తర్వాత మెగ్నీషియం క్లోరైడు. 2012లో వేసిన లెక్కలో ఖనిజాలు, ఆర్టీమియా, టూరిజం అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 130 కోట్ల డాలర్లు తేలింది, అందులో సింహభాగం ఖనిజాలదే. ఈమధ్య లిథియం మీద కూడా కన్నుపడింది. ఈ కంపెనీల చిక్కేంటంటే అవి తోడిన నీళ్ళు ఆవిరైపోవడమే, తిరిగి సరస్సుకి రావు, నీళ్ళు దిగిపోయేకొద్దీ ఒడ్డు దూరమై వాళ్ళే కాలవలు ఇంకా పొడుగ్గా తవ్వుకోవాల్సి వస్తోంది. సరస్సు మట్టం ఫలానా స్థాయికి తగ్గితే తోడకం తగ్గించాలి అనే షరతు ఇప్పుడు బిగిస్తున్నారు, బిగించాలి కూడా.

ప్రశ్న: మా సూళ్ళూరుపేటకి ఫ్లెమింగోలు వస్తాయి. అక్కడికి ఏం పక్షులు వస్తాయి? మన పులికాట్ కూడా అలాగే ఎండిపోతుందా? (టీచర్, తిరుపతి జిల్లా)

జవాబు: ఫ్లెమింగోలు అక్కడ ఉండవు టీచర్ గారూ, కానీ ఏటా కోటి దాకా పక్షులు దిగుతాయి, మూడు వందలకి పైగా రకాలు. నాకు అన్నిట్లోకీ వింతగా అనిపించేది ఈర్డ్ గ్రీబ్, మన మునుగుడు కోడి లాంటిది, ఎర్రటి కళ్ళు. శరదృతువులో లక్షల్లో దిగి రోజుకి ఒక్కోటి పాతిక ముప్పై వేల ఆర్టీమియా మింగుతుంది, తిని తిని బరువు రెట్టింపవుద్ది, పొట్టా పేగులూ పెరిగి రెక్కల కండలు కరిగిపోయి కొన్ని నెలలు అసలు ఎగరనే లేదు. ఆర్టీమియా చచ్చిపోయే టైముకి మళ్ళీ ఒళ్ళు తగ్గించుకుని కండ పెంచుకుని దక్షిణానికి లేస్తుంది. ఆలోచించండి, ఎగరలేని స్థితిలో ఉన్నప్పుడు తిండి అయిపోతే అది ఎక్కడికి పోతుంది? విల్సన్స్ ఫలరోప్ అనే చిన్న పక్షి అయితే ఇక్కడ కొవ్వు పట్టించుకుని అర్జెంటీనా ఉప్పు సరస్సుల దాకా పోతుంది. ఉత్తర భాగంలో గనిసన్ దీవి మీద వేల పెలికాన్లు గుడ్లు పెట్టేవి, చుట్టూ నీళ్ళుంటే నక్కలూ కయోటీలూ రావని, నీళ్ళు దిగి నేల కలిసిపోయాక 2023లో గూళ్ళు వదిలేసి వెళ్ళిపోయాయి.

పులికాట్ సంగతి వేరు, అది సముద్రానికి నోరు తెరుచుకున్న లగూన్, ఇసక మేట వేసి ఆ నోరు మూసుకుపోవడమే దాని జబ్బు. ముఖద్వారాల్లో పూడిక తీస్తే సముద్రం మళ్ళీ లోపలికొస్తుంది, జాలర్లు ఏళ్ళుగా మొత్తుకునేది అదే. ఒక పోలిక మాత్రం ఉంది. అక్కడ రైలు కట్ట, ఇక్కడ శ్రీహరికోటకి వేసిన రోడ్డు కట్ట. ఎండాకాలంలో మీ రోడ్డుకి ఉత్తరం వైపు ఎలా బీటలు వారి ఉంటుందో మీరు రోజూ చూసేదే, కట్ట కింద నీళ్ళు అటూ ఇటూ పారడానికి తగినన్ని తూములుంటే అంతలా ఉండేది కాదు. యూటావాళ్ళు అరవై ఏళ్ళకి ఒక సరైన గండి పెట్టుకున్నారు, మనకి రాకెట్లు పంపే తెలివుంది గానీ ఈ తూముల సంగతి ఎవరికీ పట్టదు. పిల్లల్ని ఫ్లెమింగో ఫెస్టివల్‌కి తీసుకెళ్ళినప్పుడు బైనాక్యులర్స్‌తో పాటు ఈ కట్ట కూడా చూపించండి.

ప్రశ్న: ఆర్టీమియా మనమే పెంచుకోలేమా? దిగుమతి ఎందుకు? (కాకినాడ)

జవాబు: వియత్నాంలో విన్‌చౌ అనే ఊరి దగ్గర ఉప్పు రైతులు 1980ల నుంచీ చేస్తున్నారు, ఉప్పు మడుల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కో రకం విత్తనం వేసి ఎండాకాలం పొడుగునా సిస్టులు తీస్తారు, ఒక మడిలో ఉప్పు, ఒక మడిలో ఆర్టీమియా. తమిళనాడులో తూత్తుకుడి ఉప్పు మడుల్లో మగవి లేకుండానే పిల్లల్ని పెట్టే నాటు రకం ఒకటి ఉంది కూడా. మన తీరంలో చేయాలంటే మడిలో ఉప్పు కనీసం ఎనిమిది శాతం దాటించి నిలబెట్టాలి, లేకపోతే చేపలూ పురుగులూ దూరి ఊడ్చేస్తాయి, మధ్యలో ఒక్క తుపాను పడితే ఉప్పు పలచనైపోయి కథ మొదటికొస్తుంది. నా అంచనా, చిన్న ఎత్తున పుష్యం నుంచి జ్యేష్ఠం దాకా నాలుగైదు నెలలు లాగొచ్చు, లైవ్‌గా పట్టి దగ్గర్లో ఉన్న హ్యాచరీలకి తల్లి రొయ్యల మేతగా ఇవ్వొచ్చు. యూటాతో పోటీపడేంత సిస్టులు అంటే మాత్రం నమ్మకండి. బయటి విత్తనం తెచ్చి వేసేటప్పుడు అది నాటు రకాన్ని నెట్టేసి దాని చోటు ఆక్రమించకుండా చూసుకోవాలి, శాస్త్రవేత్తల్ని అడక్కుండా వేయకండి.

ప్రశ్న: మా అబ్బాయి సాల్ట్ లేక్ సిటీలో చదువుతున్నాడు. జూన్‌లో వెళ్తున్నాం. ఆ సరస్సులో మనిషి మునగడంట, నిజమేనా? (విజయవాడ)

జవాబు: నిజమేనమ్మా, దక్షిణ భాగంలో వెల్లకిలా పడుకుంటే చాలు తేలతారు, ఈత రానక్కర్లేదు. యాంటిలోప్ ఐలాండ్ స్టేట్ పార్కుకి తీసుకెళ్ళమనండి, సరస్సు మీద కట్ట రోడ్డు ఉంది, పక్కన అడవి దున్నలు మేస్తుంటాయి, ఒడ్డు మీద నల్లటి మచ్చ కనిపిస్తే అది బురద కాదు, ఉప్పు ఈగలు, అడుగేస్తే అల లాగా లేచి పక్కకి పోతాయి, కుట్టవు. కుట్టేవి వేరే చిన్న దోమలాంటివి, వసంతం చివర్లో మొదలై జూన్ దాకా కూడా పీడిస్తాయి కాబట్టి నిండు చేతుల బట్టలు వేసుకోండి. కొన్ని వైపుల కుళ్ళు వాసన వస్తుంది, అది సరస్సు స్వభావం అనుకోకండి, పక్కనున్న ఫార్మింగ్టన్ బేలోకి ఊళ్ళ మురుగు చేరి నాచు కుళ్ళిన వాసనలో ఎక్కువ భాగం. నీళ్ళు దిగిపోయి ఒడ్డు దూరం జరిగింది కాబట్టి ఇసకలో కాస్త ఎక్కువే నడవాలి, మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పండి అబ్బాయికి. కంట్లో చుక్క పడినా మంటెత్తిపోద్ది, కాలికి చిన్న గీత ఉన్నా అంతే. పార్కులో షవర్లు పనిచేయకపోవచ్చు, కారు డిక్కీలో నాలుగు క్యాన్ల మంచినీళ్ళు, పాత తువ్వాళ్ళు పెట్టుకెళ్ళండి.